విడిచిపోవుటలోని ధర్మం

చేపట్టిన పనిని తుదిదాకా సాగించుట ధీరుని లక్షణమని లోకం అంటుంది. నడుమ వదలినవానిని చంచలుడని నిందించుట మనకు అలవాటు. కాని విడిచిపోవుట ఎల్లప్పుడును దోషమేనా? ఈ ప్రశ్నకు సమాధానాన్ని శాస్త్రాలలోకంటె ఒక మనుష్యుని జీవితంలో వెదకుట మేలు.

రాయపూరులోని రాజకుమార్ కళాశాల 1882లో జబల్‌పూరులో ఏర్పడి, 1894లో ఈ నగరానికి తరలివచ్చినది. పేరునకు కళాశాలయే గాని నిజానికి అది పాఠశాల. సంస్థానాధీశుల, జమీందారుల కుమారులను తీర్చిదిద్దుటకై పెట్టినది. 1937లో దానికి ప్రిన్సిపాలుగా వచ్చినవాడు రాజవంశీయుడు కాడు. రాంచీ ప్రాంతపు టక్రా గ్రామంలో, 1903లో, ముండా కుటుంబంలో పుట్టిన జైపాల్ సింగ్. అంతకు తొమ్మిదేండ్ల ముందు, 1928లో, ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్ క్రీడలకు వెళ్ళిన భారత హాకీ జట్టుకు ఆయనే నాయకుడు.

ఆ సమయంలో ఆయన ఆక్స్‌ఫర్డులో ఐ.సి.ఎస్. శిక్షణలో ఉన్నాడు. ఆటకు పోవుటకు సెలవు కోరినాడు, దొరకలేదు. అయినను పోయినాడు. తిరిగి వచ్చిన పిమ్మట, మరియొక సంవత్సరం శిక్షణ పొందవలెనని పైవారు శాసించినారు. ఆయన ఆ ఉద్యోగాన్నే వదలుకొన్నాడు. ఆనాడు ఐ.సి.ఎస్. అనగా జిల్లాను ఏలే అధికారం. హాకీ కర్ర కూడు పెట్టేది కాదు. ఈ విడుపును మెచ్చుకొనుట సులభం, ఏలయన నష్టమంతయు ఆయనదే.

మరియొక విడుపు అంత సులభమైనది కాదు. భారత జట్టు 5 ఆటలలో 29 గోళ్ళు చేసి, ఎదుటివారికి ఒక్కటియు ఇవ్వక బంగారు పతకం గెలిచినది. వాటిలో 14 ధ్యాన్‌చంద్ చేసినవి. కాని హాలెండును 3–0తో ఓడించిన తుది ఆటలో నాయకుడు మైదానంలో లేడు. అంతకు ముందే జట్టును వీడినాడు. కారణాలు పలువిధాలుగా చెప్పుదురు. జట్టు గెలిచినది గనుక తప్పు లేదనుట న్యాయం కాదు. ఫలాన్ని చూచి ధర్మాన్ని నిర్ణయించరాదు. ఉద్యోగం వదలినవాడు తన సొమ్మును వదలుకొన్నాడు. జట్టును వదలినవాడు తోడివారి నమ్మకాన్ని కూడ వదలినాడు. రెండును ఒకే తూనికతో తూగవు.

ఆయన పశ్చిమాఫ్రికాలోని అచిమోటాలో ఉపాధ్యాయుడుగా పనిచేసి రాయపూరునకు వచ్చినాడు. అడవి పల్లెలో పుట్టినవాడు రాజపుత్రులకు గురువగుటయే ఆనాటికి ఒక పాఠం. గురుపీఠం జన్మచేత గాక యోగ్యతచేత లభించునని ఆ బాలురకు వేరుగా బోధింపవలసిన పని లేదు. కాని అక్కడను ఆయన నిలువలేదు. 1938లో బికనీరు సంస్థానపు కొలువునకు పోయినాడు; 1939 జనవరిలో ఆదివాసీ మహాసభకు అధ్యక్షుడైనాడు.

రాజకుమారులకు మరియొక ఆచార్యుడు దొరకును. ఛోటానాగపూరు ప్రజలకు, వారి మాటను ఢిల్లీలో వినిపింపగల వారి బిడ్డ అంత తేలికగా దొరకడు. విడిచిన చోటికంటె చేరిన చోట ఋణం పెద్దదైనప్పుడు, విడిచిపోవుట ఋణం తీర్చుటయే అగును. 1946 డిసెంబరు 19న రాజ్యాంగ సభలో ఆయన చెప్పినదేమి? ఆదివాసులకు ప్రజాస్వామ్యం నేర్పనక్కరలేదు, దానిని వారివద్దనే నేర్చుకొనవలెనని. ప్రిన్సిపాలు ఆనాడు దేశాన్నే విద్యార్థిగా కూర్చుండబెట్టినాడు.

అయితే ఈ కొలబద్ద ఆయనకును వర్తింపవలెను. 1963లో తన ఝార్ఖండ్ పార్టీని కాంగ్రెసులో కలిపినప్పుడు, ప్రత్యేక రాష్ట్రంకోసం ఆయన వెంట నడచిన పలువురు నొచ్చుకొన్నారు. అప్పటి నష్టం ఆయనను నమ్మినవారిది. ఆయన 1970లో మరణించినాడు. 2000 నవంబరు 1న రాయపూరు రాజధానిగా ఛత్తీస్‌గఢ్, అదే నెల 15న ఝార్ఖండ్ ఏర్పడినవి.

విడిచిపోవువాడు తన్ను తాను అడుగవలసిన ప్రశ్నలు రెండే: నష్టం ఎవరిది? పిలుపు ఎవరిది? ఈ రెంటికిని తడబడక బదులు చెప్పగలవానిని చంచలుడనరాదు. చెప్పలేనినాడు, ఎంతటివాడైనను, ఆట ముగియువరకు మైదానంలో నిలుచుటయే ధర్మం.