బావి అందరిదే, చేద ఎవరిది?

జగిత్యాల దగ్గర పొలాస వ్యవసాయ పరిశోధనా స్థానంలో పుట్టిన 'జగిత్యాల సన్నాలు' వరిని ఉత్తర తెలంగాణ రైతు ఎరుగును. అది సాంబమసూరి నుంచి సన్నగింజను, కావ్య నుంచి ఉల్లికోడును తట్టుకొనే గుణాన్ని తెచ్చుకొన్నది. అటువంటి గుణం ఏ జన్యువులో ఉన్నదో వెదకదలచిన విద్యార్థికి మొదటి మెట్టున సొంత మహాయంత్రం అక్కరలేదు. తాను చదివిన డి.ఎన్‌.ఎ. ముక్కను ఇంటర్నెట్టు ద్వారా 'బ్లాస్ట్' అనే పనిముట్టుకు అప్పగిస్తే చాలు. ఎక్కడో ఉన్న కంప్యూటర్లు దానిని కోట్ల జన్యుక్రమాలతో పోల్చి, దగ్గరి పోలికలను చూపుతవి. దీనికి రుసుము లేదు.

ఇది ఎవరో పెట్టిన ధర్మసత్రమా? కానే కాదు. వరి జన్యుక్రమంలోని సుమారు 39 కోట్ల అక్షరాలను చదివి, 2005లో లోకానికిచ్చినవి మన దేశంతో సహా పది దేశాలు. మనవారు పదకొండవ క్రోమోజోములో కొంత భాగం చదివారు. అంతకుముందు 2002లో సిన్జెంటా కంపెనీ తన వరి జన్యుక్రమాన్ని ప్రకటించి కూడా, సార్వజనిక కోశంలో చేర్చక షరతులతో తనవద్దనే ఉంచుకొన్నది. శాస్త్రజ్ఞులు నిరసించారు. ఆ తాళమే నిలిచి ఉంటే పొలాస విద్యార్థి గతి ఏమిటి?

అయితే కొందరు మిత్రులు అంటారు: "తలుపులు తెరిస్తే లాభం బలవంతునిదే. విత్తనం మన రైతుది, లాభం కంపెనీది." ఈ మాటలో నిజం ఉన్నది. 2014లో 89 దేశాలకు చెందిన 3,000 వరి రకాల జన్యుక్రమాలు ఉచితంగా విడుదలైనవి. తరతరాలుగా ఆ విత్తనాలను ఏరి, గాదెలలో దాచినవారు సేద్యగాండ్రు. వారి శ్రమకు ఆ కోశంలో లెక్క ఏదీ? కాని తలుపు మూస్తే నష్టపోయేదెవరు? కంపెనీకి సొంత యంత్రాలున్నవి, సొంత నిపుణులున్నారు. వీధిన పడేది మన విద్యార్థే.

కనుక రోగం తలుపులో లేదు. ఊరబావి అందరిదని చాటినంత మాత్రాన అందరి దప్పిక తీరదు. చాంతాడు, బొక్కెన కావాలి. నిలకడగల కరెంటు, ఇంటర్నెట్టు, శిక్షణ, తెలుగులో పాఠం – ఇవే ఇక్కడి చేద. లాభపడినవాడు తిరిగి ఇవ్వాలన్న సూత్రాన్ని 2022లో మాంట్రియల్‌లో ప్రపంచదేశాలు ఒప్పుకొన్నవి. 2025లో అందుకొక నిధి కూడా ఏర్పడింది. కాని అందులో కంపెనీల చెల్లింపు నిర్బంధం కాదు, వాటి ఇష్టం. ఇష్టాన్ని బాధ్యతగా మార్చడమే మిగిలిన పని.

మరొక హద్దు కూడా చెప్పుకోవాలి. ఆదిలాబాదు గోండు గూడేలలో కొడవలి కణ వ్యాధి ఉన్నది. హిమోగ్లోబిన్ జన్యువులో ఒక్క అక్షరం మారడమే దానికి మూలం. ఆ రక్తపు వివరాలు పరిశోధకులకు అందితే వైద్యం ముందుకు సాగుతుంది. కాని వరికంకికి పరువు లేదు, పెళ్లి సంబంధం లేదు. గోండు ఆడబిడ్డకు రెండూ ఉన్నవి. ఆ వివరాలను ఎవరు, ఎందుకు చూస్తారో ఆమెకు గోండీలో చెప్పి, ఆమె సరే అన్న తరువాతనే ఆ సమాచారం కదలాలి. వద్దంటే ఆగాలి.

విజ్ఞానాన్ని పంచుకోవడమంటే తీసుకొనే హక్కు ఒక్కటే కాదు. ఇచ్చినవానిని గుర్తించడం, అందనివానికి అందించడం కూడా అందులో భాగమే. ఈ రెండూ లేని ఉచితం పాత అసమానతకు కొత్త పేరు మాత్రమే.