తుఫాను వస్తోందంటే భక్తుడు ఏం చేయాలి? సత్యవ్రత మహారాజు నేర్పిన పాఠం



ఆశ్వయుజం, కార్తీకం వచ్చాయంటే మన కోస్తాలో రెండు మాటలు కలిసి వినిపిస్తాయి. ఒకటి దీపాలు, అభిషేకాలు, సోమవారం ఉపవాసాలు. రెండోది బంగాళాఖాతంలో అల్పపీడనం. అప్పుడు చాలామంది తల్లులు అడిగే ప్రశ్న ఒకటే: "తుఫాను వస్తోందంటున్నారు గురువుగారూ, ఏ స్తోత్రం చదువుకుంటే మంచిది?"

తప్పకుండా చదువుకోండి అమ్మా. అయితే దానికంటే ముందు భాగవతంలో ఒక కథ ఉంది, అది వినండి.

అష్టమ స్కంధంలో మత్స్యావతార ఘట్టం. సత్యవ్రతుడనే రాజు కృతమాలా నదిలో తర్పణం విడుస్తుంటే దోసిట్లోకి ఒక చిన్న చేపపిల్ల వచ్చింది. కమండలంలో వేస్తే రాత్రికి రాత్రే కమండలం పట్టనంత పెరిగింది. కడవలో వేశాడు, కొలనులో వేశాడు, మడుగులో వేశాడు. ఏదీ చాలలేదు. చివరికి సముద్రంలో వదలబోతుంటే రాజుకు అర్థమైంది, ఇది మామూలు చేప కాదు, శ్రీహరి అని.

అప్పుడు స్వామి ఏమన్నాడో గమనించండి. "ఇవాళ్టికి ఏడో రోజున ప్రళయ జలం లోకాలను ముంచెత్తుతుంది. ఒక నావ వస్తుంది. ఓషధులు, విత్తనాలు సేకరించుకుని, సప్తర్షులతో కలిసి ఆ నావ ఎక్కు. వాసుకిని తాడుగా చేసి నా కొమ్ముకు కట్టు" అన్నాడు.

స్వామి తలుచుకుంటే ప్రళయాన్ని ఆపలేడా? ఆపగలడు. కానీ ఇక్కడ ఆయన చేసిన అనుగ్రహం ఏమిటంటే, ముందుగా చెప్పడం. ఏడు రోజుల గడువిచ్చాడు. ఏమేం తెచ్చుకోవాలో చెప్పాడు. ఎప్పుడు ఎక్కాలో చెప్పాడు. ఇక సత్యవ్రతుడి భక్తి ఎక్కడుంది? ఆ మాట విని, చెప్పినవన్నీ చెప్పినట్టు చేయడంలో ఉంది. ధ్యానమూ మానలేదు, నావా ఎక్కాడు. "నాకు నీ మీద నమ్మకముంది స్వామీ, నేను ఇక్కడే కూర్చుంటాను" అనలేదు.

ముందస్తు హెచ్చరిక కూడా అనుగ్రహమే

ఇవాళ మనకి ఆ మాట విశాఖపట్నం తుఫాను హెచ్చరికల కేంద్రం నుంచి వస్తోంది. సెల్‌ఫోన్లో మెసేజీగా వస్తోంది. ఊళ్ళో మైకులో వస్తోంది. వాతావరణ శాఖ వాళ్ళు తీరానికి సుమారు 48 గంటల ముందు అప్రమత్తం చేస్తారు, 24 గంటల ముందు గట్టి హెచ్చరిక ఇస్తారు. అల్పపీడనం వాయుగుండమవుతుంది, వాయుగుండం తుఫానవుతుంది. సత్యవ్రతుడి చేపపిల్లలాగే ఇది కూడా రాత్రికి రాత్రే పెరగవచ్చు. "నిన్న చిన్నదే అన్నారు కదా" అని పడుకుంటే ఎలా?

హెచ్చరిక విని కదలడం వల్ల ఏమవుతుందో పక్క రాష్ట్రాన్ని చూస్తే తెలుస్తుంది. 1999 అక్టోబరులో ఒడిశాను మహా తుఫాను ముంచెత్తినప్పుడు దాదాపు 10,000 మంది చనిపోయారు. అదే ఒడిశాలో 2013 అక్టోబరులో గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తీరం దాటింది. అదీ చాలా తీవ్రమైనదే. కానీ ముందుగానే లక్షల మందిని తీరం నుంచి తరలించారు. ఈసారి మరణాలు పదుల్లోనే ఆగాయి. సముద్రం అదే, గాలి అదే. జనం కదిలారు, అంతే తేడా.

భయపడాల్సింది దేనికి?

చాలామంది గాలికే భయపడతారు. గాలి ప్రమాదమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో చెట్టన్నది నిలవలేదు. కానీ తీరంలో ఎక్కువ ప్రాణాలు తీసేది నీరు. 1977 నవంబరు 19, శనివారం, కార్తీక మాసం. దివిసీమలో ఏం జరిగిందో మన పెద్దవాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటే గొంతు పెగలదు. సముద్రం సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి మైళ్ళ దూరం లోపలికి వచ్చేసింది. పది వేల మందికి పైగా పోయారు. ఉప్పెన ముందు మిద్దె అయినా పాక అయినా పల్లంలో ఉంటే ఒకటే. అందుకే "మాది డాబా ఇల్లు, మాకేం కాదు" అనకండి. ఇల్లు ఎంత గట్టిదన్నదే కాదు, ఎంత ఎత్తులో ఉందన్నదీ చూడాలి.

ఇంకో సంగతి. హోరుగాలి ఉన్నట్టుండి ఆగి, ఆకాశం తేటపడిందంటే తుఫాను వెళ్ళిపోయిందనుకోవద్దు. అది తుఫాను కన్ను కావచ్చు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి అంతే గాలి మళ్ళీ కొడుతుంది. "తుఫాను దాటిపోయింది" అని అధికారులు చెప్పేదాకా గడప దాటకండి.

సత్యవ్రతుడి మూట మనం కట్టుకుందాం

1. మందులు. బీపీ, షుగరు మాత్రలు కనీసం వారానికి సరిపడా.
2. అటుకులు, మరమరాలు, బెల్లం, వేరుశనగ గుళ్ళు, పిల్లలకు పాలపొడి. మూత ఉన్న క్యాన్లలో మంచినీళ్ళు.
3. ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం. అన్నీ ప్లాస్టిక్ కవర్లో చుట్టి.
4. టార్చిలైటు, అగ్గిపెట్టె, ఛార్జింగు నిండుగా పెట్టిన ఫోను, పవర్ బ్యాంకు, కొంచెం చిల్లర డబ్బు.
5. బయల్దేరేముందు మెయిన్ స్విచ్ కట్టేయండి. గ్యాస్ రెగ్యులేటర్ ఆపండి. దేవుడి దగ్గర దీపాన్ని కొండెక్కించి వెళ్ళండి. వెలిగే దీపాన్ని వదిలి వెళ్తే ఇల్లు అంటుకునే ప్రమాదం ఉంది.
6. 112 నంబరు ఇంట్లో పిల్లలకి కూడా నేర్పండి.

వేటకు వెళ్ళే అన్నదమ్ములకు ఒక్క మాట. వెళ్ళొద్దని చెప్పిన రోజు గంగమ్మ తల్లికి దండం ఒడ్డు మీద నుంచే పెట్టండి. పడవ, వల మళ్ళీ సంపాదించుకోవచ్చు.

"దేవుణ్ణి ఇంట్లో వదిలి ఎలా వస్తాం?"

ఈ మాట పెద్దవాళ్ళు నిజంగానే అంటారు. పునరావాస కేంద్రానికి వెళ్దామంటే "నిత్యపూజ ఆగిపోతుంది, అక్కడ మడి ఉండదు, ఎవరి పక్కన కూర్చుంటామో, ఎవరు వండింది తింటామో" అని ఆగిపోతారు. అమ్మా, ఆపద్ధర్మం అనే మాట మన శాస్త్రాల్లోనే ఉంది కదా. ప్రాణాపాయంలో నియమాలు సడలుతాయి. సాలగ్రామమో, చిన్న విగ్రహమో ఉంటే శుభ్రమైన గుడ్డలో చుట్టి వెంట తీసుకెళ్ళండి. కలశం ఉంటే ఉద్వాసన చెప్పండి. అక్కడ కూర్చుని మానసపూజ చేసుకోండి. మీ పక్కన కూర్చున్న మనిషిలో కూడా ఆ నారాయణుడే ఉన్నాడు. ప్రళయంలో నావ ఒక్కటే ఉంది, అందరూ అందులోనే ఎక్కారు.

"గజేంద్రుణ్ణి కాపాడిన స్వామి మమ్మల్ని కాపాడడా?" అంటారు. కాపాడతాడు. కానీ గజేంద్రుడు చేతులు ముడుచుకుని కూర్చున్నాడా? వేయి సంవత్సరాలు మొసలితో పోరాడాడు. ఒంట్లో ఓపిక ఉన్నంతవరకు లాగాడు. ఇక తన వల్ల కాదన్నప్పుడు పిలిచాడు. మరి బస్సు గుమ్మం ముందుకొచ్చి ఆగినప్పుడు ఎక్కడానికి కూడా మనకి ఓపిక లేదా?

గోవర్ధనం కింద అందరికీ చోటుంది

ఇంద్రుడు రాళ్ళవాన కురిపించినప్పుడు కృష్ణయ్య కొండెత్తి, గోపాలురను ఆవులతో సహా కిందికి రమ్మన్నాడు. ఏడు రోజులు అందరూ అక్కడే ఉన్నారు. ఆవుల్ని మర్చిపోలేదు చూడండి. పశువుల్ని ముందుగానే మెరక మీదికి తోలండి. వీలు కాకపోతే కనీసం పలుపుతాళ్ళు విప్పేయండి. కట్టుకొయ్యకు కట్టిన ఆవు ఈదుకుని పోలేదు కదా. ఆ తాడు విప్పడం కూడా గోపూజే.

అలాగే మీ వీధిలో ఒంటరిగా ఉండే ముసలమ్మ ఉంటుంది. నిండు చూలాలు ఉంటుంది. నడవలేని వాళ్ళుంటారు. మైకు వాళ్ళకి వినపడకపోవచ్చు. వెళ్ళి తలుపు తట్టండి. నిండు చూలాలిని ఆసుపత్రి దగ్గరికి ముందు రోజే చేర్చండి.

కార్తీక పౌర్ణమి సముద్ర స్నానం గురించి కూడా చెప్పాలి. హెచ్చరిక ఉన్న రోజు సముద్రంలో దిగితే అది పుణ్యం కాదు, సాహసం. ఇంట్లో బిందె నీళ్ళలో గంగమ్మను తలుచుకుని స్నానం చేయండి. ఫలం ఏమాత్రం తగ్గదు.

తుఫాను వెళ్ళాక తెగిపడిన కరెంటు తీగల దగ్గరికి పోకండి. మురుగు నీళ్ళలో చెప్పులు లేకుండా నడవకండి, పాములుంటాయి. నీళ్ళు కాచి చల్లార్చి తాగండి.

కామెంట్లలో "ఓం నమో నారాయణాయ" అని రాయమని ప్రతిసారీ అడుగుతాను. ఈసారి అది రాసే ముందు తీరంలో ఉన్న మీవాళ్ళకి ఒక్క ఫోన్ చేయండి. "మూట కట్టారా? ఎప్పుడు బయల్దేరుతున్నారు?" అని అడగండి. ఆ తర్వాత స్వామి నామం రాయండి.

మత్స్యమూర్తి మనందరినీ ఒడ్డుకు చేర్చుగాక. స్వస్తి.