సీలంపూర్ రోబోల గురించి పెదనాన్న మాట

అమ్మలూ,

నీ రోబో కామిక్ రెండు సంచికలూ చదివాను. కథకు ఢిల్లీలోని సీలంపూర్‌ను ఎంచుకున్నందుకే నీకు సగం మార్కులు వేసేశాను. పాత కంప్యూటర్లు, ఫోన్లు గుట్టలుగా వచ్చిపడే ఆ సందుల్లో మనుషులు బోర్డులు ఊడదీసి రాగి తీస్తుంటారు. రేపు మూలపడ్డ రోబోలూ అక్కడికే చేరతాయన్న ఊహ నోయిడాలో ఏసీ గదిలో కూర్చున్నవాళ్లకు అంత తేలిగ్గా తట్టదు. యాసిడ్ తొట్లు, కాటా, రోబో చేతిని కిలో లెక్కన బేరమాడే కబాడీవాలా, అన్నీ నమ్మాను.

కథ దగ్గరికొచ్చేసరికి మాత్రం తృప్తి కలగలేదు. పదో పేజీ దాకా ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. ఏ బ్యాటరీ ఎప్పుడొచ్చింది, ఏ కంపెనీ మూతపడింది, ఏ చట్టం చేశారు, అంతా ఇదే. నీకివన్నీ తెలియాలి, నిజమే. చదివేవాడికి అవసరం పడ్డప్పుడు ఒక్కో ముక్క చాలు.

మంచి ముడిసరుకు చేతిలో ఉండీ కథ కుదరకపోవడం కొత్తేం కాదు. నువ్వు పుట్టకముందే మన ఢిల్లీ నుంచి ఒక రోబో పోలీసు వచ్చాడు, రాజ్ కామిక్స్ వారి ఇన్‌స్పెక్టర్ స్టీల్. ఇన్‌స్పెక్టర్ అమర్ మెదడును అతని స్నేహితుడు అనీస్ ఉక్కు ఒంట్లో అమర్చాడు. 1987 నాటి ‘రోబోకాప్’ సినిమా పోలిక దాచినా దాగదు. అయితేనేం, లోపల మనిషి బుర్ర, బయట చట్టం జవదాటని యంత్రం. ఇంత మంచి చిక్కు చేతికి దొరికినా, నా మటుకు చాలా సంచికల్లో తుపాకీ మోతే వినిపించింది.

జపాన్ కామిక్ కళాకారుడు తెజుకాను చూడు. 1952లో మొదలైన ‘ఆస్ట్రో బాయ్’లో కొడుకును పోగొట్టుకున్న శాస్త్రవేత్త వాడి పోలికతోనే రోబోను చేసుకుంటాడు. అది ఏళ్లు గడిచినా ఎదగదు. విసిగిపోయి సర్కస్ వాళ్లకు అమ్మేస్తాడు. రోబో ఎదగదన్నది ఆ లోకపు నియమం, ఆ తండ్రి కడుపుకోత కూడా అదే. నీ దగ్గర నియమాలున్నాయి, వాటివల్ల ఏడ్చేవాళ్లే లేరు.

ఇంకొకటి, కాస్త గట్టిగానే చెప్తాను. ఛార్జి అయిపోతే రోబో జ్ఞాపకాలు చెరిగిపోతాయని మొదటి సంచికలో నువ్వే రాశావు. రెండో దాంట్లో నీ నాయిక మూడు రోజులు ఛార్జి లేకుండా పడి ఉండి, లేవగానే అందర్నీ పేరుపెట్టి పిలిచింది! బొమ్మ వంకరపోతే సర్దుకుంటారు గానీ ఇది సర్దుకోరు. నిజంగానే మరిచిపోనివ్వు. ఎవర్ని మరిచిపోతుందో తేల్చుకుంటే మూడో సంచిక నడుస్తుంది.

లోకం అద్భుతంగా ఉందంటూ నీ స్నేహితులు మిగతావన్నీ వదిలేస్తున్నారు. వాళ్ల ప్రేమ వాళ్లది. డిసెంబరులో ఓఖ్లా కామిక్ కాన్‌లో నీ బల్ల ముందు ఆగే కుర్రాడు నీ స్నేహితుడు కాడు, రెండు పేజీలు తిప్పి పక్క బల్లకు పోతాడు. అలాగని ఆ బ్యాటరీల, చట్టాల చరిత్రంతా చింపెయ్యకు, నోటుబుక్కులో ఉండనీ.

ఐదో పేజీ మూల చిన్న బొమ్మలో, కాటా పక్కనున్న ముసలి రోబో ఒక రాగి చుట్టను ఎవరికీ కనబడకుండా నోట్లో దాచుకుంటోంది. మొత్తంలో నాకు నచ్చిన బొమ్మ అదే. ఎందుకు దాచుకుందో ముందు అది చెప్పు నాకు.