ద్వారకా దుర్గము, ఖంభాత్ జలములు

మరమగ్గముల పనికై తెలంగాణమునుండి వెడలి సూరతు నగరమున స్థిరపడిన పద్మశాలి కుటుంబములు అనేకములు గలవు. తపతీనది సముద్రమున గలియు హజీరా ఆ నగరమునకు చేరువనే యున్నది. అచటినుండి ఖంభాత్ సింధుశాఖను దాటి సౌరాష్ట్రమునందలి ఘోఘాకు జేర్చు ఓడ 2020 నవంబరులో ప్రారంభింపబడెను. సోమనాథమునకును ద్వారకకును యాత్ర పోవువారు ఆ జలములమీదుగా సాగునప్పుడు, శ్రీకృష్ణుని పట్టణము ఈ నీటి క్రిందనే యున్నదా యను ప్రశ్న పుట్టుట సహజము.

ఆ ప్రశ్నకు కారణము లేకపోలేదు. కాలుష్యమును పరీక్షించుటకై శబ్దతరంగములతో సముద్రగర్భమును శోధించుచుండగా, 30 మొదలు 40 మీటర్ల లోతున వరుసదీరిన కట్టడములవంటి రూపములు గానవచ్చినవని 2001 మే నెలలో ప్రకటింపబడెను. అడుగునుండి తోడితీసిన వస్తువులలో నొక కొయ్యముక్క వయస్సు సుమారు 9,500 సంవత్సరములని 2002 జనవరిలో తెలుపబడెను. కొందరు అదియే ద్వారక యని ఉప్పొంగిరి.

ఆ మాట నిలువదు. ఖంభాత్ శాఖలో ఆటుపోటులు మిక్కిలి ఉద్ధృతములు. ఆ ప్రవాహము ఎచటి కొయ్యనైనను ఎచటికైనను కొనిపోగలదు. పొరలు పొరలుగా త్రవ్వి చూడక, అడుగును గోకి తీసిన వస్తువు తానున్న చోటికి సాక్ష్యము చెప్పజాలదని పురావస్తు పండితులు పలికిన పలుకు న్యాయమైనదే. అదియునుగాక గోమతీ ముఖమునందలి ద్వారక సౌరాష్ట్రపు పడమటి కొనను, సూరతునకు దాదాపు 400 కిలోమీటర్ల దూరమున నున్నది. భగవంతుని యెడ ప్రేమచేతనైనను నిరూపితము కాని దానిని నిరూపితమని చెప్పుట సత్యవ్రతులకు తగదు.

గ్రంథములు చెప్పునదేమి? రైవతుల ప్రాచీన రాజధానియగు కుశస్థలియే తరువాత ద్వారక యయ్యెనని మహాభారత హరివంశములవలన తెలియుచున్నది. జరాసంధుని దండయాత్రలకు తోడు కాలయవనుడును ముట్టడింపగా, శ్రీకృష్ణుడు సముద్రమధ్యమున పండ్రెండు యోజనముల దుర్గమును నిర్మింపజేసి మథురాజనమును అచటికి జేర్చెనని భాగవతము. భారతమున ఈ పురమునకు రైవతక పర్వతము అలంకారముగా చెప్పబడినది. అది గిరినారమే యని తలచి కొందరు జునాగఢ్ ప్రాంతమునను, కోడినారు చెంత మూలద్వారకయందును పురాతన నగరమును వెదకిరి. వాదము నేటికిని తీరలేదు.

1963లో సంకాలియా పండితుడు ద్వారకలో త్రవ్వకములు జరిపెను. పిమ్మట ఎస్. ఆర్. రావు నాయకత్వమున గోవాయందలి సముద్రవిజ్ఞాన సంస్థవారు నీట మునిగి శోధింపగా, చెక్కిన రాళ్లును, గోడల శిథిలములును, మూడు రంధ్రముల రాతి లంగరులును లభించినవి. రావు వానిని కృష్ణుని నగరముతో ముడిపెట్టెను. ఆ సంస్థకే చెందిన తరువాతి పరిశోధకులు వానిలో పెక్కు అంతకంటె ఎంతో ఇటీవలి రేవు కట్టడములు కావచ్చుననిరి. 2025 ఫిబ్రవరిలో భారత పురావస్తు శాఖవారు మరల శోధన నారంభించిరి. బేట్ ద్వారకలో దొరకిన, ముత్తల జంతువు చెక్కిన శంఖపు ముద్రిక మాత్రము వనపర్వము చదివినవారికి ఒక విషయమును స్ఫురింపజేయును.

సాల్వుడు సౌభవిమానముతో ముట్టడించినప్పుడు పురమును రక్షించిన విధమును శ్రీకృష్ణుడే అడవిలో పాండవులకు వివరించును. వంతెనలు తెగగొట్టిరి, నావలను నిలిపివేసిరి, అగడ్తలలో శూలములు నాటిరి, చుట్టును క్రోశము మేర నేలను గోతులమయము చేసిరి. సైనికులకు జీతము బాకీ లేకుండ బంగారముగా చెల్లించిరి. ముద్ర లేనివాడు లోనికి రాలేడు, వెలికి పోలేడు. నటులను, గాయకులను ఊరు దాటించిరి. ఎవ్వరును మద్యము త్రాగరాదని ఉగ్రసేనుడు, ఉద్ధవుడు మున్నగువారు చాటించిరి. కోట నిలిచెను.

అదే చాటింపు మౌసలపర్వమున మరల వినబడును. ఈసారి ఉల్లంఘించినవానికి కొఱత శిక్ష. ఐనను యాదవులు తీర్థయాత్ర పేర ప్రభాసమునకు పోయి, శ్రీకృష్ణుని కన్నులయెదుటనే త్రాగిరి. సాత్యకి కృతవర్మను ఎత్తిపొడిచెను; పాతపగలు రేగెను; తుంగగడ్డి రోకళ్లయ్యెను. ఏ శత్రువును దాటలేని అగడ్త గల ఆ కులము నశించిన తీరిది. దీనిని త్రవ్వి తీయుటకు పనిముట్టులు అక్కరలేదు.

అర్జునుడు వచ్చి స్త్రీలను, వృద్ధులను, బాలురను వెంటగొని బయలుదేరెను. వారు విడిచిన ప్రతి తావును వెనువెంట సముద్రము కప్పుచు వచ్చెను. ఏడవనాడు పురము మునుగునని శ్రీకృష్ణుడు ఉద్ధవునికి ముందే తెలిపి, స్వజనులపై మమతను విడిచి సంచరింపుమని బోధించి, తుదకు బదరికి పంపెను. నగరము మునుగబోవు వేళ జరిగిన ఆ ఉపదేశము భాగవతమున ఏకాదశ స్కంధమై నిలిచియున్నది. తెలుగున దానిని వెలిగందల నారయ రచించెను.