కొండదారి బస్సులో అనిచ్చ



దీక్షాభూమి, బుద్ధగయ, సారనాథ్ చూసొచ్చాక మనవాళ్లు చాలామంది అనుకునే తర్వాతి పేరు శ్రీలంక. దగ్గరి దేశం. ఊరూరా విహారం, మలుపు మలుపుకీ బోధివృక్షం. టూరు వాళ్లతో మాట్లాడుకుని, అద్దాలు బిగించిన బండిలో గుంపుగా వెళ్లొచ్చేవాళ్లున్నారు. తప్పనను, పెద్దవయసు వాళ్లకు అదే మేలు. ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లు మాత్రం రెండు జతల బట్టలు, ఒక స్వెట్టర్, ఒక గొడుగు సంచిలో వేసుకుని, భుజాన తగిలించుకుని, అక్కడి మామూలు బస్సుల్లో తిరగండి. మనం రోజూ పలికే అనిచ్చ అనే మాట ఆ బస్సుల్లో పరీక్షకు నిలబడుతుంది. ఆ మాటతో మనిషిని ఓదార్చవచ్చు, నోరు మూయించనూ వచ్చు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుంది? మన వాడల్లో ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ.

కాండీ నుంచి నువర ఎలియ బస్సు ఎక్కారనుకోండి. ఎర్రరంగు ప్రభుత్వ బస్సులూ ఉంటాయి, ప్రైవేటువీ ఉంటాయి. పెద్ద సంచి పెట్టడానికి చోటుండదు. డ్రైవర్ పక్కన ఎక్కడో ఇరికిస్తారు, లేకపోతే మీ ఒళ్లోనే. దూరం 80 కిలోమీటర్ల లోపే. అయితే 500 మీటర్ల ఎత్తున్న ఊరి నుంచి దాదాపు 1,900 మీటర్ల ఎత్తుకు ఎక్కాలి. కాండీలో చెమట. గంపొల దాటాక మబ్బు. పుస్సెల్లావ వైపు తేయాకు తోటలు మొదలవుతాయి. రాంబొడ జలపాతాల దగ్గర వాన విసిరి కొడితే కిటికీలు మూస్తారు, మూస్తే లోపల ఉక్కపోత. ఇంకో రెండు మలుపులు తిరిగేసరికి ఎండ. పైకి చేరేసరికి పొగమంచు, చలి.

ఈ దేశం చిన్నదే, కానీ రెండు రుతుపవనాలు పంచుకుంటాయి. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వచ్చి పడమటి వాలును తడుపుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్యం తూర్పు వాలు మీద కురుస్తుంది. మధ్య నెలల్లో మధ్యాహ్నం దాటితే ఉరుములు. ఇవాళ వాన ఉందా అని అడిగితే, కొండకు ఏ వైపు అని ఎదురడుగుతారు. మారడానికి కారణాలున్నాయి, కారణాలు మారితే వాతావరణం మారుతుంది. పటిచ్చసముప్పాదం గురించి ఉపన్యాసంలో విని నిద్రపోయేవాళ్లకు కూడా తడిసిన చొక్కాతో అది అర్థమవుతుంది.

ఆ వానకు ఎవరి మీదా కక్ష లేదు. భిక్షువునూ తడుపుతుంది, కండక్టర్నీ తడుపుతుంది, మిమ్మల్నీ తడుపుతుంది. పక్కనున్నాయన మిమ్మల్ని ఏ దేశం అని అడుగుతాడు, పిల్లలెందరని అడుగుతాడు. "మీరేమిట్లు?" అనే ప్రశ్న మాత్రం రాదు. మన జిల్లా బస్సుల్లో ఊరిపేరు, ఇంటిపేరు, పేట పేరు వరసగా అడిగి చివరికి అక్కడికే వచ్చే కూపీ ఉంటుంది చూడండి, అది లేని ప్రయాణం మనకు ఎంత తేలికో వేరే చెప్పక్కర్లేదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. బౌద్ధ దేశం గనుక కులం లేదు అనుకుని ఇంటికొచ్చి అదే చెబుతారు.

ఇప్పుడు బస్సులో ముందు సీటు చూడండి. అది భిక్షువులకని రాసి ఉంటుంది. భిక్షువు ఎక్కితే ఎంత రద్దీలోనైనా అందులో కూర్చున్నవాళ్లు లేస్తారు. మీరూ లేస్తారు. లేచేటప్పుడు మనలో కొందరికి లోపల ఎక్కడో చివుక్కుమంటుంది. దొర వస్తుంటే మంచం మీద నుంచి లేచిన తాతల పిల్లలం కదా మనం. ఆ లేవడానికీ ఈ లేవడానికీ తేడా ఉందా? ఉంది. దొర పుట్టుకను చూసి లేపించాడు. ఇక్కడ ఇల్లు, ఆస్తి, వంశం వదిలిన గుండుకు లేస్తున్నాం. ఆ చీవరం లోపల ఎవరి కొడుకైనా ఉండవచ్చు, అందుకే లేవడంలో అవమానం లేదు.

ఎవరి కొడుకైనా ఉండవచ్చునా? ఇక్కడే అసలు చిక్కు. 1753లో సయాం నుంచి భిక్షువులు వచ్చి, లంకలో ఆగిపోయిన ఉపసంపదను మళ్లీ నిలబెట్టారు. వాళ్లకు పెద్ద అయిన భిక్షువు పేరు ఉపాలి. బుద్ధుని కాలంలో ఉపాలి ఎవరో మీకు తెలుసు. శాక్య రాకుమారుల మంగలి. రాకుమారుల గర్వం అణగాలని వాళ్లకంటే ముందు అతనికి దీక్ష ఇచ్చారు, వాళ్లు అతనికి మొక్కాల్సి వచ్చింది. అదే పేరున్న భిక్షువు చేతుల మీదుగా వచ్చిన సయాం నికాయలో పదేళ్లు దాటేసరికి గొవిగమ అనే వ్యవసాయ కులం వాళ్లకే ఉపసంపద అనే కట్టడి వచ్చింది. రాజాజ్ఞతో వచ్చిందది. కాండీలో మీరు దళదా మందిరం చూసే చోటే ఆ నికాయ పెద్ద విహారాలు మల్వత్త, అస్గిరియ ఉన్నాయి. బస్సులోని సీటు ఏ నికాయ అని అడగదు. ఉపసంపద ఇచ్చే సీమలో మాత్రం అడిగారు.

అయితే ఊరుకున్నారా? తీరప్రాంతంలో దాల్చినచెక్క ఒలిచే సలాగమ కులం నుంచి వచ్చిన సామణేరులు ఓడ ఎక్కి బర్మా వెళ్లారు. 1800లో అమరపురలో ఉపసంపద తీసుకున్నారు, 1803లో తిరిగొచ్చి అమరపుర నికాయ మొదలుపెట్టారు. సంచి భుజాన వేసుకుని చేసిన ప్రయాణమంటే అదీ. ఆ నికాయ కూడా తర్వాత కులాల వారీగా శాఖలైందన్నది వేరే దుఃఖం. దాచిపెట్టాల్సిన పని మనకు లేదు.

మళ్లీ కిటికీ వైపు తిరగండి. కొండంతా దువ్వినట్టు పచ్చగా తేయాకు. ఫొటో తీయకుండా ఎవరూ ఉండలేరు. ఆ పచ్చదనం మధ్య వీపున బుట్ట, నెత్తిన గుడ్డ, వానకు ప్లాస్టిక్ కాగితం కప్పుకున్న స్త్రీలు కనబడతారు. తెల్లదొరలు మొదట కాఫీ కోసం, 1867 తర్వాత తేయాకు కోసం తమిళనాడు నుంచి తెచ్చిన కూలీల మనవరాళ్లు వాళ్లు. ఆ వచ్చినవాళ్లలో చాలామంది పళ్లర్లు, పరయర్లు, చక్కిలియర్లు. తమిళనాడులో ఇంట్లో తెలుగు మాట్లాడే చక్కిలియర్లు ఉన్నారని మీకు తెలిసే ఉంటుంది. అంటే ఆ కొండమీద ఉన్నది మన చుట్టాలే. వరస ఇళ్లలో, లైన్ గదుల్లో, తరాలు గడిచాయి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన 1948లోనే చేసిన పౌరసత్వ చట్టం సుమారు 7 లక్షల మందిని ఏ దేశమూ లేనివాళ్లను చేసింది. 1964లో ఇందిరమ్మ రాకముందే, శాస్త్రి గారూ సిరిమావో గారూ ఒప్పందం రాసుకుని ఎంతమంది ఇటు, ఎంతమంది అటు అని లెక్కలు పంచుకున్నారు. మిగిలిపోయిన వాళ్లందరికీ పౌరసత్వం దక్కేలా చట్టం వచ్చేసరికి 2003 అయింది. యాభై ఐదేళ్లు. ఆ మధ్యలో కొండమీద ఎన్ని వానలు కురిసి వెలిశాయో!

ఆ స్త్రీతో ఎవరైనా "అమ్మా, అంతా అనిత్యం, ఓర్చుకో" అన్నారనుకోండి. మాట అబద్ధం కాదు. కానీ వానకు చెప్పాల్సిన మాటను చట్టానికి చెబుతున్నారు. వాన ఎవరూ పెట్టింది కాదు, ఎవరూ తీసేది కాదు, గొడుగు పట్టుకుని ఆగుతాం. చట్టాన్ని ఒకరు రాశారు, రాయించినవాళ్లున్నారు, దానివల్ల లాభపడ్డవాళ్లున్నారు. అది దానంతటది వెలవదు. మన ఇళ్లలోనూ చూడండి, ఉద్యోగంలో అవమానం జరిగి పిల్లవాడు ఏడుస్తుంటే అనిచ్చ అని వీపు నిమిరే పెద్దలున్నారు. పూర్వజన్మ కర్మ అని చెప్పే పాత మాటకు కొత్త చీవరం తొడిగినట్టే. బాబాసాహెబ్ తన బుద్ధుడు - ఆయన ధమ్మం గ్రంథంలో అనిత్యతను వేరుగా చదివారు. ఏదీ స్థిరం కాదు కాబట్టే కొత్తది సాధ్యమవుతుంది, బీజం మారకపోతే చెట్టు రాదు. ఇది ఓర్చుకోమనే మాటగా నాకు వినబడదు.

వస్సావాసం ఎలా వచ్చిందో గుర్తు తెచ్చుకోండి. వానాకాలంలో కూడా భిక్షువులు తిరుగుతూ పచ్చిగడ్డిని, చిన్న జీవులను తొక్కేస్తున్నారని జనం గొణిగారు. బుద్ధుడు వానలను ఆపలేదు. భిక్షువుల నడకను ఆపి, మూడు నెలలు ఒకచోట ఉండమని నియమం పెట్టారు. మేఘం మాట వినదు, సంఘం వింటుంది. జనం అభ్యంతరం చెబితే మారిన నియమం అది.

1950 మే నెలాఖరులో ప్రపంచ బౌద్ధ సోదర సంఘం మొదటి సభలకు బాబాసాహెబ్ ఇదే కాండీకి వెళ్లారు. అప్పుడాయన కేంద్ర న్యాయశాఖ మంత్రి. ఆ దేశంలో ధమ్మం ఎలా బతుకుతోందో చూడటం ఆయన ఉద్దేశం. చూసి మెచ్చుకుని రాలేదు, కొలంబోలో అక్కడి అంటరానివారిని ధమ్మంలోకి రమ్మని పిలిచారు, వాళ్ల బాగోగులు పట్టించుకోమని అక్కడి బౌద్ధులకూ చెప్పారు. అతిథిగా వెళ్లినవాడు ఇంటివాళ్ల లోటు ఎత్తిచూపడం మర్యాద కాదంటారు మన పెద్దలు. ఆయనకు ఆ మర్యాద అడ్డురాలేదు.

మీరు వెళ్లినప్పుడు ముందు సీటు నుంచి లేవండి, తప్పకుండా లేవండి. భిక్షువు పక్కన నిలబడి నమస్కరించండి. ఆయనకు ఇంగ్లీషు వస్తే, భంతే, మీ నికాయలో ఉపసంపద ఎవరికి ఇస్తారని అడగండి. చాలామంది ఓపిగ్గానే చెబుతారు. ఆ తర్వాత తేయాకు తోట దగ్గర బస్సు ఆగినప్పుడు బుట్టలతో ఎక్కే స్త్రీలు వస్తారు. మీ సంచి ఒళ్లోకి తీసుకుని వాళ్లకు చోటివ్వండి. కొద్దిగా తమిళం వస్తే ఊరి పేరు అడగండి. కిటికీ మూయాలా వద్దా అన్నది అప్పటి వానను బట్టి చూసుకోవచ్చు.