తప్పు పట్టుట ముందా, హేతువు చెప్పుట ముందా?



మన డెల్టా ప్రాంతమునుండి అమెరికా వెళ్లి స్థిరపడిన ఒక కుటుంబమువారు తమ పిల్లలను బడికి పంపక ఇంటివద్దనే చదివించుచున్నారు. ఆ దేశములో అన్ని రాష్ట్రములందును చట్టము అందుకు ఒప్పుకొనుచున్నది. పెద్దవానికి 15 ఏండ్లు, రెండవదానికి 13, చిన్నదానికి 10. ఈ ఏడు పెద్దపిల్లలిద్దరికి తర్కశాస్త్రము మొదలుపెట్టవలెనని తలంచి, ఏ వరుసలో నేర్పవలెనో చెప్పుమని నాకు వ్రాసిరి. తండ్రిది ఒక మాట, తల్లిది ఒక మాట. మాటలకు అర్థనిర్ణయము, వాక్యములను పరీక్షించుట, హేతువునుండి ఫలితమునకు వచ్చుట, ఇవి క్రమముగా నేర్పిన తరువాతనే తప్పుడు వాదములను చూపవలెనని తండ్రి అనుచున్నాడు. తప్పుడు వాదములనే ముందు చూపవలెను, నియమములు తరువాత చూచుకొనవచ్చునని తల్లి అనుచున్నది.

ఇది సంఘపత్రికలో వ్రాయదగిన సంగతియా అని కొందరు అనుకొందురేమో. మన పిల్లలలోను కొందరు బడి మానుకొని, ఓపెన్ స్కూలు ద్వారా పదవ తరగతి పరీక్షకు ఇంటివద్ద చదువుకొనుచున్నారు. బడికి పోవువారికిని అక్కడ తర్కము ఎవరును నేర్పుట లేదు. వాదించుట మాత్రము అందరును ఫోనులో చూచి నేర్చుకొనుచున్నారు. 1529లో లూథరు చిన్న ప్రశ్నోత్తరి వ్రాసినప్పుడు దానిని ఇంటి యజమానుడు తన ఇంటివారికి నేర్పవలెనని ఉద్దేశించెను. ప్రతి ఆజ్ఞ తరువాత దాని అర్థమును అడుగు ప్రశ్నను పెట్టెను. కాబట్టి ఇంటిలో కూర్చుండబెట్టి పిల్లలచేత అర్థము చెప్పించుట మనకు క్రొత్త పని కాదు.

తల్లి చెప్పుదానిలో బలమున్నది. ఆ దేశములో ఇంటి చదువులకై వ్రాయబడిన పుస్తకములలో కొన్ని ఆమె చెప్పినట్లే తప్పుడు వాదములతోనే మొదలుపెట్టును. అవి కథలవలె ఉండును, పిల్లలు విసుగుపడరు. 1947లో డొరొతీ సేయర్స్ అను ఆంగ్ల రచయిత్రి ఆక్స్‌ఫర్డ్‌లో విద్యను గూర్చి ప్రసంగించుచు, ఎదిరి మాటలాడి పెద్దల తప్పులు పట్టుటలో పిల్లలకు ఆనందము కలుగు ప్రాయమొకటి ఉన్నదనియు, తర్కము నేర్పుటకు అదియే తగిన కాలమనియు చెప్పెను. పిల్లలున్న ప్రతి ఇంటివారికిని ఆ ప్రాయము తెలియును! అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. మోసము పిల్లలు ఎదుగువరకు ఆగదు. ఆరు నెలలలో సొమ్ము రెట్టింపు చేసెదమనువారు, ఈ సీసాలోని నూనె రాసుకొంటే కేన్సరు పోవుననువారు, ఈ సందేశమును పదిమందికి పంపనివాని ఇంటికి కీడు వచ్చుననువారు, వీరు ఈ దినమే తలుపు తట్టుచున్నారు. ఇల్లు తగులబడుచుండగా ఇటుకలు కాల్చు పద్ధతి నేర్పుదురా అని ఆ తల్లి అడిగినట్లున్నది.

అయినను నేను తండ్రి వరుసకే మొగ్గుచున్నాను. సుళువుగా నేర్చుకొనవచ్చునని గాని, పరీక్షకు పనికివచ్చునని గాని కాదు. పిల్లవాని హృదయమును చూచి చెప్పుచున్నాను. తప్పుల పేర్లు ముందుగా నేర్చుకొనినవాడు వాటిని ఎవరిమీద ప్రయోగించును? అమ్మమీద, తమ్మునిమీద, పొరుగింటివానిమీద, వేరొక సంఘపు బోధకునిమీద. తానొక మాట నిలువబెట్టి దానికి హేతువు చెప్పవలసిన కష్టము వానికి ఇంకను రాలేదు. మేస్త్రీ మట్టపు గుండును మొదట తాను కట్టుచున్న గోడకే వ్రేలాడదీయును. ఒక్క ఇటుకైనను పేర్చనివాడు గుండు పట్టుకొని వీధివెంట తిరిగి అందరి గోడలు వంకరలని చెప్పినయెడల, ఆ మాట నిజమే కావచ్చును గాని వాడు మేస్త్రీ కాడు. మత్తయి 7వ అధ్యాయములో నలుసును గూర్చియు దూలమును గూర్చియు ప్రభువు చెప్పినప్పుడు, సహోదరుని కంటిలోని నలుసును తీయవద్దని చెప్పలేదు. ఏది ముందో చెప్పెను. అదియు ఒక పాఠక్రమమే.

మన సంఘములలో తర్కము నేర్పవలెనని కోరువారిలో కొందరి మనస్సులో ఉన్నది కూడ చెప్పవలెను. ఇతర మతస్థుల నోరు మూయించుటకు మన పిల్లలకు ఆయుధము కావలెనని వారి కోరిక. పొలములో ప్రక్క గట్టుమీద నిలుచుండువాడు, ఆపదలో అర్ధరాత్రి ఆటో తీసికొని వచ్చువాడు ఆ పొరుగువాడే. వాని మాటలలో దోషములు ఏరుటకు పిల్లలను తయారుచేయుట సువార్తకు సాయపడదని నా అభిప్రాయము.

పూర్వపు గురువుల వరుస చూడుడి. అరిస్టాటిల్ తర్కగ్రంథములను తరువాతివారు కూర్చిన క్రమములో తప్పుడు వాదములను గూర్చిన పుస్తకము చిట్టచివరిది. కీర్తనలు వ్రాసిన ఐజక్ వాట్స్‌ను సంఘములన్నియు ఎరుగును గాని, ఆయన 1724లో తర్కశాస్త్రముపై ఒక పుస్తకము వ్రాసెననియు, అది ఆక్స్‌ఫర్డ్‌లోను హార్వర్డ్‌లోను చాలకాలము పాఠ్యముగా ఉండెననియు మనలో ఎందరికి తెలియును? అందులో మొదట తలంపులు, తరువాత తీర్పులు, ఆ తరువాత అనుమానము. కపటవాదముల సంగతి ఆ మూడవ భాగములో వచ్చును. మనోవృద్ధిని గూర్చి ఆయన వ్రాసిన మరియొక పుస్తకమును, పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్చుకొనుచున్న మైకేల్ ఫారడే అను కుర్రవాడు చదివి దాని ప్రకారము తన్ను తాను దిద్దుకొనెను. విద్యుచ్ఛక్తి విషయములో లోకము ఆయనకు ఎంత ఋణపడియున్నదో చెప్పనక్కరలేదు.

మన తెలుగువాడే యైన అన్నంభట్టు 17వ శతాబ్దములో చిన్నవారికి సుళువుగా బోధపడవలెనని తర్కసంగ్రహమును వ్రాసెను. అది సంస్కృత గ్రంథము. ఇప్పటికిని దేశమంతట న్యాయశాస్త్రమునకు తొలి పుస్తకము అదియే. అందులో అనుమానము రెండు విధములు, తనకొరకు చేసికొనునది ఒకటి, ఇతరులకు చెప్పుటకైనది మరియొకటి. తనకొరకైనది ముందు! నేను చూచి, తలంచి, నిశ్చయించుకొనిన తరువాతనే ఎదుటివానికి అయిదు మెట్లలో చెప్పవలెను. కొండమీద నిప్పున్నది, ఇది ప్రతిజ్ఞ. పొగ ఉన్నది గనుక, ఇది హేతువు. పొగ ఉన్నచోటనెల్ల నిప్పుండును, వంటయింటిలోవలె, ఇది ఉదాహరణ. ఈ కొండమీదను అట్టి పొగ ఉన్నది, ఇది ఉపనయము. కాబట్టి అక్కడ నిప్పున్నది, ఇది నిగమనము. ఈ అయిదును అయిన పిమ్మటనే హేత్వాభాసములు, అనగా హేతువువలె కనబడి హేతువు కానివి. (మన కోనసీమ పిల్లలకు కొండ చూపుటకు రాజమండ్రి దాటవలెను. కొబ్బరితోట అవతల ఇటుకబట్టీ చూపినను చాలును.)

ఇంతవరకు సుళువు. పిల్లలను ఎక్కువకాలము ఆపవలసినది తరువాతి మెట్టువద్ద. పొగ ఉన్నచోట నిప్పుండును, సరే. నిప్పున్నచోటనెల్ల పొగ ఉండునా? ఉండదు. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుపముద్దలో నిప్పున్నది గాని పొగ లేదు. పచ్చికట్టె కలిసినప్పుడే పొగ. పూర్వులు చెప్పిన ఈ ఉదాహరణము చిన్నది గాని, దీనిని తిరుగవేసి మనుష్యులు ఎంత కఠినముగా మాటలాడిరో యోబు గ్రంథము చదివిన తెలియును. పాపము చేసినవాడు బాధపడునని యోబు స్నేహితుల నమ్మకము. యోబు బాధపడుచున్నాడు, కాబట్టి యోబు పాపము చేసెనని వారి తీర్పు. పాపము చేసినవారందరు బాధపడుదురని ఒప్పుకొనినను, బాధపడువారందరు పాపము చేసిరని ఎట్లు వచ్చును? వారు ఇనుపముద్దను చూచి పొగ ఉన్నదని చెప్పుచున్నారు. యోహాను 9లో పుట్టు గ్రుడ్డివానిని చూచిన శిష్యులు వీడా, వీని తల్లిదండ్రులా, ఎవరు పాపము చేసిరని అడిగిరి. లూకా 13లో సిలోయము గోపురము కూలి చనిపోయిన 18 మందిని గూర్చి ప్రభువే మాటలాడెను. రెండు చోట్లను ఆయన ఆ తిరుగవేసిన వాదమును త్రోసివేసెను.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమను గాలివాన కొట్టినప్పుడు నాకు 16 ఏండ్లు. కొబ్బరిచెట్లు తోటలకు తోటలే నేలకొరిగెను, వందలమంది చనిపోయిరి. నీళ్లు తీయకముందే, ఇది ఫలానా వారి పాపమువలన వచ్చినదను మాట మొదలాయెను. ఒక్కొక్కరు ఒక్కొక్కరిని చూపిరి. బిడ్డను పోగొట్టుకొనిన తల్లి వినుచుండగానే ఆ మాట అనిరి. ఆ మాటలో వ్యాకరణదోషము లేదు, వాక్యమును చూపినట్లే ఉండెను. అందులోని తప్పును ఆ తల్లికి చూపగలవాడు ఒక్కడుండినను ఎంత ఆదరణ కలిగియుండును! తర్కము కఠినహృదయుల విద్య అని మనవారు తలంచుదురు. ఆ దినమున కాఠిన్యము తర్కము లేనివారి నోటనుండియే వచ్చెను.

అయితే దోషమును అట్లు కనిపెట్టుటకు దానికి ముందున్న నియమము తెలియవలెను. పొగకు నిప్పుకు గల సంబంధము ఎటువైపు నడచునో గ్రహింపనివానికి, తిరుగవేసిన వాదమునకు పేరు చెప్పినంతమాత్రమున ఏమి తెలియును? అందుచేత ఆ కుటుంబమునకు నేను వ్రాసినది ఇది. మొదటి ఏడు మాటలమీద గడుపుడి. నవకంబళము గలవాడు అనగా క్రొత్త కంబళి గలవాడా, తొమ్మిది కంబళ్లు గలవాడా అని పూర్వులు పిల్లలను నవ్వించిరి. మా ఊరిలో ఒక అబ్బాయి నన్నొక ప్రశ్న అడిగెను. ఇసుకమీద కట్టిన ఇల్లు పడిపోవునని ప్రభువు చెప్పెను గదా, కాటన్ దొర 1847నుండి 1852వరకు ధవళేశ్వరమున ఆనకట్టను ఇసుకమీదనే కట్టెను, అది నూరేండ్లకు పైగా నిలిచెను, మరి ఎట్లు? మంచి ప్రశ్న! మా సంఘపెద్ద ఒకాయన తాపీమేస్త్రీ, ఆయన జవాబు చెప్పెను. కాటన్ దొర కావేరిమీద పూర్వపు రాజులు కట్టిన కల్లణను పరీక్షించి, లోతు తెలియని ఇసుకలో పునాది నిలుపు విధము అక్కడ నేర్చుకొనెను. ఉపమానములోని బుద్ధిహీనుడు పునాది సంగతియే తలంపలేదు. ఇసుక ఒక్కటే మాట, కట్టినవారు ఇద్దరు. అది మాటలను విడదీయు పాఠము, కల్లణ ఉదాహరణము కూడ దానిలోనే వచ్చెను.

రెండవ ఏడు ఆ అయిదు మెట్లు, నోటితోను కాగితముమీదను. మూడవ ఏట తప్పుడు వాదములు, అవియు ఒక షరతుతో. పిల్లవాడు పట్టు మొదటి పది తప్పులు తన మాటలలోనివై ఉండవలెను. ఎదుటివాని వాదమును ఖండింపకముందు, అవును నా మాట ఇదేనని వాడు ఒప్పుకొనునట్లు చెప్పగలగవలెను. సామెతలు 18వ అధ్యాయములో, వినకముందు ప్రత్యుత్తరమిచ్చువానిని గూర్చియు, వ్యాజ్యెములో మొదట మాటలాడువాడు న్యాయముగా కనబడుటను గూర్చియు ఉన్నవి గదా, ఆ రెండు వచనములను ఆ ఏడంతయు గోడకు వ్రాసిపెట్టుమని చెప్పితిని.

మరి ఆ తల్లి భయమునకు జవాబు? మూడేండ్లు ఆగుమని చెప్పుట న్యాయము కాదు. తర్కసంగ్రహములో చివరి ప్రమాణము శబ్దము, అనగా ఆప్తుడైనవాని మాట. దానిని మాత్రము వరుస తప్పించి ఈ దినమే నేర్పవచ్చును. ఎవరు చెప్పుచున్నారు? అతనికి ఎట్లు తెలిసెను? నేను నమ్మిన అతనికి ఏమి లాభము? నూనె సీసావానికిని, రెట్టింపు సొమ్మువానికిని ఈ మూడు ప్రశ్నలు చాలును.

ఇట్లు నేర్చినవారు పాస్టరుగారి ప్రసంగమును కూడ పరీక్షింతురు గదా, విశ్వాసము పోవునేమో అని పెద్దలు కొందరు నాతో అనిరి. పరీక్షింపనిండు. పౌలు బోధను దినదినము లేఖనములతో సరిచూచిన బెరయవారిని అపొస్తలుల కార్యములు 17లో ఘనులనిరి గాని తిరుగుబాటుదారులనలేదు. ప్రశ్నించుటవలన సంఘము విడిచినవారికంటె, ప్రశ్న అడిగి కసరించుకొని విడిచినవారినే నేను ఎక్కువగా చూచితిని. తర్కము మనకు మూలవాక్యములను ఇయ్యదు, ఉన్నవాటినుండి ఏమి వచ్చునో, ఏమి రాదో చూపును. యోబు స్నేహితులకు తర్కము బాగుగా వచ్చినను, యోబు హృదయములో ఏమున్నదో వారికి తెలిసెడిది కాదు. తెలియదని తెలిసికొని, మొదటి ఏడు దినములవలెనే మౌనముగా కూర్చుండియుందురు.

చిన్నదానికి కూడ ఈ పాఠములు పెట్టవచ్చునా అని ఉత్తరము చివర అడిగిరి. ఆమెకు పుస్తకము వద్దంటిని. అన్న, అక్క పాఠము చెప్పించుకొనుచుండగా ప్రక్కన కూర్చుండనిచ్చి, ఎందుకు అని ఆమె అడిగిన ప్రతిసారి ఆ ఇద్దరిలో ఒకరు విసుగుకొనక జవాబు చెప్పవలెనని వ్రాసితిని.