ఖాళీ బ్రాకెట్లు

పోయిన వేసవిలో అర్ధవీడు వెళ్ళినప్పుడు ఆరో తరగతి చదివే మా అక్క కొడుక్కి లోగో నేర్పించాను. 1967లో సీమోర్ పేపర్ట్, సింథియా సోలమన్, వాలీ ఫోయర్‌జైగ్ పిల్లల కోసం తయారుచేసిన ప్రోగ్రామింగ్ భాష అది. మనలో కొందరికి స్కూల్లోనే పరిచయం. ఎఫ్‌డి 100, ఆర్‌టి 90 అంటే తెర మీద తాబేలు వంద అడుగులు నడిచి కుడికి తిరుగుతుంది. అదే నాలుగుసార్లు చెబితే చతురస్రం. మార్కాపురం పలక మీద బలపంతో గీసుకున్నట్టే ఉంటుంది. పిల్లవాడికీ గీతకీ మధ్య మూడో మనిషి ఉండడు. తప్పొస్తే తుడిచేసుకుంటాడు, అంతే.

రెండు రోజులకి వాడికి చతురస్రాలు విసుగొచ్చాయి. "మామా, బటన్లు పెట్టొచ్చా?" అన్నాడు.

పెట్టొచ్చు. ఎంఎస్‌డబ్ల్యూలోగోలో బటన్‌క్రియేట్ అనే ఆదేశం ఉంది. బటన్ ఏ విండోలో ఉండాలి, పేరేమిటి, మీద ఏం రాయాలి, ఎక్కడ పెట్టాలి, వెడల్పెంత, ఎత్తెంత, అన్నీ వరసగా టైప్ చేయాలి. చివర్న చదరపు బ్రాకెట్లలో, నొక్కితే ఏం జరగాలో రాయాలి. మౌస్‌తో లాగి పెట్టేదేమీ లేదు. మోటు వ్యవహారం.

వాడు ఒక విండో చేసి "నేను గ్రేటా?" అని ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు. ఎస్ బటన్ వెడల్పు 150, నో బటన్ వెడల్పు 20. నో దగ్గర బ్రాకెట్లు ఖాళీ. లోగో దాన్ని తప్పనదు. బటన్ వస్తుంది, నొక్కితే ఏమీ జరగదు. వాళ్ళమ్మమ్మని పిలిచి "నో నొక్కు" అన్నాడు. మా అమ్మ నాలుగైదుసార్లు నొక్కింది. వాడు పడీపడీ నవ్వుతున్నాడు. అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని, "నాకే నొక్కడం రాలేదేమో నాయనా" అంది.

నాకు నవ్వు రాలేదు. కొన్నేళ్ళ కిందట ఒక కంపెనీలో చందా రద్దు చేసుకునే పేజీ రాసింది నేనే. "కొనసాగించు" పెద్ద బటన్, "రద్దు" లేత బూడిద రంగులో చిన్న అక్షరాలు, అది నొక్కితే ఇంకో మూడు పేజీలు. డిజైన్ ఫైల్లో అలా ఉంది, అలా రాశాను. ఇలాంటివాటికి 2010లో హ్యారీ బ్రిగ్నల్ డార్క్ పాటర్న్స్ అని పేరు పెట్టాడు. 2023 నవంబరులో మన కేంద్ర ప్రభుత్వం వాటిలో 13 రకాల్ని పేర్కొని, వాడకూడదని మార్గదర్శకాలు ఇచ్చింది. అవి వ్యాపారిని అడుగుతాయి. కోడ్ రాసినవాణ్ణి ఎవరడగాలి?

తాబేలుతో ఉన్నంతసేపూ పిల్లవాడు తనతో తానే మాట్లాడుకుంటాడు. బటన్ పెట్టగానే ఇంకో మనిషికి మాట ఇచ్చినట్టు. నో అని రాసి ఏమీ చేయకపోతే మాట తప్పినట్టే. అయితే మామూలుగా మాట తప్పినవాణ్ణి ఎదుటివాళ్ళు తిడతారు. పనిచేయని బటన్ దగ్గర మా అమ్మలాంటివాళ్ళు తమనే తాము తిట్టుకుంటారు. నాకు అసలు అన్యాయం ఇదే అనిపిస్తుంది.

మా ఉద్యోగాల్లో వెడల్పు ఒకరు చెబుతారు, రంగు ఇంకొకరు, కోడ్ వేరొకరు రాస్తారు. చివరికి తప్పు ఎవరిదీ కాకుండా పోతుంది. లోగోలో ఆ సౌకర్యం లేదు. 150 కొట్టిందీ వాడే, 20 కొట్టిందీ వాడే. అలాగని లోగో నేర్చినవాళ్ళంతా నీతిమంతులవుతారని కాదు, వీడు తెలిసే కదా చేశాడు! భాష మంచితనం నేర్పదు. సాకు మాత్రం మిగల్చదు.

"తప్పు అమ్మమ్మది కాదని ఆమెకి చెప్పు" అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, ఖాళీ బ్రాకెట్లలో "ఓకే, నాట్ గ్రేట్" అని చూపించే ఒక వరస రాశాడు. అమ్మ మళ్ళీ నొక్కింది, ఈసారి ఆమె కూడా నవ్వింది.

వెడల్పు మాత్రం 20 దగ్గరే ఉంచాడు. అదీ మార్చమందామనుకున్నాను. నా పాత పేజీ గుర్తొచ్చి ఊరుకున్నాను.